వాగుకు కట్టుడు పళ్లు

ప్రభుత్వాలు ప్రజాధనాన్ని దండగ చేస్తాయనే వాదనతో నేను ఏనాడూ ఏకీభవించలేదు. ఒక పనిని 150 ఏళ్లకు పైగా శ్రద్ధగా చేసి, ఆ తరువాత అదే పనిని అంతే శ్రద్ధగా తిరగేసి చేయడానికి మళ్లీ నిధులు మంజూరు చేయించుకోగలిగిన యంత్రాంగాన్ని దండగమారిది అనడానికి నోరెలా వస్తుంది? అది దూరదృష్టి. మొదటి తరానికి పీకే పని, తరువాతి తరానికి పెట్టే పని. ఇద్దరికీ జీతం, ఇద్దరికీ పదవీ విరమణనాడు పూలదండ.

రుజువు కావాలనుకునేవారు అమెరికా వాయవ్య మూలన ఉన్న ఆరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాల వాగులను చూడాలి. అక్కడ అడవిలో నరికిన చెట్లను, వీలైతే వేళ్లతో సహా పెకలించి, లారీల మీద వాగు దాకా తెచ్చి, పొక్లెయిన్‌తో నీళ్లలో పడుకోబెడుతున్నారు. లారీ దారి లేని చోటికి హెలికాప్టరుకు వేలాడదీసి తీసుకుపోతున్నారు. కొన్నింటిని వాగులోనే కాక, వరద పొంగితే నీరు పరుచుకునే పల్లపు నేలలోనూ చెల్లాచెదురుగా వదులుతున్నారు. ఇదంతా వాగులో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ వాగుకే తిరిగొచ్చే సాల్మన్ చేపల కోసం. చెట్టు దానంతట అదే వాగులో పడితే పైసా ఖర్చు లేదు. కానీ పైసా ఖర్చు లేని పనికి పథకం అనే గౌరవం దక్కదు కదా!

ఈ పథకం గొప్పతనం అర్థం కావాలంటే దీని పూర్వార్ధం తెలియాలి. 1824లో అమెరికా కాంగ్రెస్ ఒహాయో, మిసిసిపీ నదుల్లోని మోడులను తొలగించడానికి డబ్బు కేటాయించి, ఆ పనిని సైన్యంలోని ఇంజినీర్ల విభాగానికి అప్పగించింది. న్యాయంగా చెప్పాలంటే ఆవిరి పడవల పాలిట అవి యమపాశాలే. వేళ్లు బురదలో దిగబడి, కొస నీటి మట్టానికి కాస్త కిందుగా నక్కిన ఒక్క మోడు చాలు, పడవ అడుగు చీలిపోవడానికి. 1829లో హెన్రీ ష్రీవ్ అనే కెప్టెన్ ఇందుకోసమే ఒక జంట పడవను నీటిలోకి దించాడు. అది మోడును ఢీకొట్టి, పైకి లేపి, ముక్కలు చేసేది. అలాంటి పడవలకు జనం పెట్టిన ముద్దుపేరు ‘అంకుల్ శామ్ పళ్లు పీకే పడవలు’. అంకుల్ శామ్ అంటే అమెరికా ప్రభుత్వమే. లూసియానాలో రెడ్ రివర్ మీద వంద మైళ్లకు పైగా పేరుకుపోయిన దుంగల తెట్టును ష్రీవ్ 1833లో కదిలించడం మొదలుపెట్టి 1838 నాటికి దారి చేశాడు. నది మళ్లీ తెట్టు కట్టుకుంది. ప్రభుత్వం పట్టు వదలకుండా 1873లో పేలుడు పదార్థాలతో దాని పని పట్టింది. ష్రీవ్ పేరు మీద ఏకంగా ష్రీవ్‌పోర్ట్ నగరమే వెలిసింది. దుంగలు పెట్టినవాడి పేరు మీద, నాకు తెలిసినంతలో, సందు కూడా లేదు.

పీకుడు విద్య పడమటి తీరానికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. వాషింగ్టన్‌లోని స్కాజిట్ నదిని మూసేసిన దుంగల తెట్టును 1870 దశకంలో అక్కడ స్థిరపడినవారు తామే తెగ్గొట్టారు. ఆ తరువాత కలప వ్యాపారులు వచ్చారు. వాళ్లకు దుంగలంటే ద్వేషం లేదు, తమవి కాని దుంగలంటేనే ద్వేషం. వాగుకు అడ్డంగా చెక్క ఆనకట్ట కట్టి, నీళ్లు నింపి, వెనక దుంగలు పోగుచేసి, ఒక్కసారిగా తలుపు తీసేవారు. నీళ్లూ దుంగలూ కలిసి మిల్లు వైపు ఉరికేవి. దారిలో ఉన్న మోడులు, గులకరాళ్లు, చేప గుడ్లు అన్నీ వాటి వెంటే పోయేవి. వాగు అడుగున చివరికి మిగిలింది నున్నటి బండ. పడమటి ఆరెగన్‌లో ఈ పద్ధతి 1880 దశకం నుంచి 1950 దశకం దాకా సాగింది.

పడవలవారి స్వార్థం పడవలది, కలపవారి స్వార్థం కలపది. వాళ్లను అర్థం చేసుకోవచ్చు. నేను శిరసు వంచి నమస్కరించేది మూడో బృందానికి, అంటే చేపలను కాపాడే శాఖలకు. 1950ల నుంచి 1970ల దాకా ఆ శాఖలే చేపల మేలు కోరి వాగుల్లోని దుంగలను ఏరించాయి. తర్కం తిరుగులేనిది. చేప సముద్రం నుంచి ఎగువకు ఈదాలి, దుంగ దారికి అడ్డంగా ఉంది, కాబట్టి దుంగ చేపకు శత్రువు. 1964 డిసెంబరు వరదలు కొండల మీది కలపనంతా వాగుల్లోకి తెచ్చి గుట్టలు పోశాక ఈ శుభ్రత ఉద్యమం మరింత జోరందుకుంది. వేల ఏళ్లుగా ఆ దుంగల మధ్య నుంచే ఈదుకుంటూ వస్తున్న చేపల అభిప్రాయం మాత్రం ఎవరూ అడగలేదు. లబ్ధిదారులను సంప్రదించే ఆచారం అప్పటికి ఇంకా రాలేదు.

ఇప్పుడు ఆ శత్రువును కాస్త దగ్గరగా చూద్దాం. డగ్లస్ ఫర్ జాతి చెట్టు ఒకటి, వేళ్ల గుత్తికి మట్టి ఇంకా అంటుకునే ఉంది. దాన్ని వాగుకు ఏటవాలుగా, కొస గట్టు మీది చెట్ల మధ్య ఇరుక్కునేలా పెట్టారు. మొదటి వరద రాగానే నీరు ఆ వేళ్లను చుట్టుకుని సుడి తిరిగి, కింది ఇసుకను తోడేస్తుంది. అక్కడ మడుగు తయారవుతుంది. దుంగకు ఎగువన వేగం తగ్గిన నీరు తాను మోసుకొచ్చిన గులకరాళ్లను దింపేస్తుంది. ఆడ సాల్మన్ తోకతో గుంట తవ్వి గుడ్లు పెట్టేది ఆ రాళ్లలోనే. ఒడ్డున రాలిన ఆల్డర్ ఆకులు వేళ్ల సందుల్లో చిక్కి కుళ్లుతాయి, వాటిని పురుగులు తింటాయి, పురుగులను చేప పిల్లలు తింటాయి. కోహో జాతి సాల్మన్ పిల్ల సముద్రం ముఖం చూసే ముందు ఏడాదికి పైగా మంచినీటిలోనే గడుపుతుంది. వేలెడంత ఒళ్లు, పొట్ట కింది రెక్క అంచున తెల్లని గీత. చలికాలపు వరదకు కొట్టుకుపోకుండా నిలదొక్కుకోవడానికి దానికి కావలసిందల్లా వేళ్ల చాటున కాస్త నిదానమైన నీరు. గుడ్లు పెట్టి ప్రాణం విడిచిన పెద్ద చేపల కళేబరాలు కూడా ఆ కొమ్మలకే తట్టుకుని ఆగి వాగుకు ఎరువవుతాయి. ఇన్ని పనులు జీతం లేకుండా చేసినందువల్లే దుంగ మీద అధికారులకు అనుమానం వచ్చి ఉంటుంది.

అనుమానం నివృత్తి అయ్యేసరికి చేపలు తగ్గిపోయాయి. ఆరెగన్ తీరపు కోహోను 1998లో ఫెడరల్ ప్రభుత్వం ముప్పులో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. ఇందుకు దుంగల లేమి ఒక్కటే కారణం కాదు. ఆనకట్టలు, అతి వేట, రోడ్ల కింది తూములు, సముద్రంలో మారిన పరిస్థితులు కూడా తలా ఒక చెయ్యి వేశాయి. అయితే సముద్రాన్ని బాగుచేయడానికి టెండరు పిలవడం కష్టం, వాగును బాగుచేయడానికి పిలవవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారని ఎగతాళి చేసేవారికి, ఆకులు పట్టుకోవడానికి కూడా పరిపాలనా అనుమతి కావాలన్న ఇంగితం లేదు.

నీళ్లలో ఏ పదార్థం నింపాలన్నా 1972 నాటి స్వచ్ఛ జల చట్టం 404వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి. ఇచ్చేది ఎవరు? అదే సైనిక ఇంజినీర్ల విభాగం. పళ్లు పీకిన వైద్యుడే కట్టుడు పళ్లకూ చీటీ రాయాలి. ఇందుకోసం ఆ విభాగం దగ్గర 27వ నంబరు దేశవ్యాప్త అనుమతి అని ఒకటి సిద్ధంగా ఉంది. వాషింగ్టన్ తీరంలో ఆ విభాగం నడిపిన డబ్ల్యూ.టీ. ప్రెస్టన్ అనే మోడులు తీసే పడవ 1981 దాకా పనిచేసింది. ఇప్పుడది అనకోర్టిస్ పట్టణంలో ఒడ్డెక్కి, జాతీయ చారిత్రక చిహ్నంగా సందర్శకులకు దర్శనమిస్తోంది. 1980 దశకంలోనే అదే ప్రాంతపు వాగుల్లో దుంగలు పెట్టడం ఊపందుకుంది. పాత ఉద్యోగి కుర్చీ ఖాళీ చేసీ చేయకముందే కొత్త ఉద్యోగి వచ్చి కూర్చున్నాడు. ఇంత సజావైన బదిలీని ఏ శాఖలో చూస్తాం?

అనుమతి ఒక్కటి సరిపోదు. చేప కోసం పెట్టే దుంగ వల్ల చేపకు హాని ఉందో లేదో చేపల అధికారులు తేల్చాలి. చారిత్రక అవశేషాలు ఏవైనా చెదురుతాయేమో మరొకరు చూడాలి. ఆపైన గడువు. తీరంలోని చాలా వాగుల్లో జులై 1 నుంచి సెప్టెంబరు 15 లోపలే నీళ్లలోకి యంత్రం దించాలి. సహజంగా పడే చెట్లేమో ఎక్కువగా చలికాలపు గాలివానల్లోనే పడతాయి. ఆ గాలివానలు ఇంతవరకు ఒక్క దరఖాస్తు కూడా పెట్టుకోలేదు.

తొలినాళ్లలో పెట్టిన దుంగలను ఉక్కు తాళ్లతో బండలకు కట్టేసి, ఇనుప చువ్వలు దిగగొట్టారు. ఇన్నేళ్లు దేశబహిష్కరణలో ఉన్నవాడిని తిరిగి రప్పించి కాళ్లకు సంకెళ్లు వేసినట్టు. వరదకు కొన్ని తాళ్లు తెగాయి, కొన్నిచోట్ల తాడు మాత్రమే మిగిలింది. తరువాత ఇంగితం వచ్చింది. ఆరెగన్ మార్గదర్శకాల ప్రకారం దుంగ పొడవు వాగు వెడల్పుకు రెండింతలు ఉండాలి, వేళ్లతో ఉంటే ఒకటిన్నర రెట్లు చాలు. అలా ఉంటే కట్టకుండానే చాలావరకు నిలుస్తుంది. ప్రతి దుంగకూ నక్షాలో ఒక నంబరు, వ్యాసం, పొడవు, కోణం. కొన్నిచోట్ల దుంగకే నంబరు బిళ్ళ కొడతారు. వరద తీశాక బిళ్ళలు వెతుక్కుంటూ మనుషులు వెళ్తారు. దుంగ కదలకపోతే నివేదికలో ‘స్థిరత్వం సాధించాం’ అని రాసుకోవచ్చు. కదిలితే ‘సహజ ప్రక్రియలు పునరుద్ధరణ పొందాయి’ అని రాసుకోవచ్చు. తప్పడానికి వీల్లేని ఇలాంటి పరీక్ష మన చదువుల రోజుల్లో ఉంటే ఎంత బాగుండేది!

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఆరెగన్ ఓటర్లు 1998లో ఆమోదించిన ప్రకారం రాష్ట్ర లాటరీ నికర ఆదాయంలో 15 శాతం పార్కులకూ, సాల్మన్ చేపలకూ, వాగుల బాగుకూ పోతుంది. అంటే టికెట్టు కొని, నంబరు తగలక, నిట్టూర్చి చింపేసిన ప్రతి పౌరుడూ తనకు తెలియకుండానే ఒక చేప పిల్లకు నీడ కల్పిస్తున్నాడు. అదృష్టవంతుడికి ఈ పుణ్యం లేదు.

ఇటీవల ఈ శాస్త్రం మరింత పైమెట్టు ఎక్కింది. 2014లో బ్రయాన్ క్లూయర్, కాలిన్ థోర్న్ అనే శాస్త్రవేత్తలు ఏరు రూపం మారుతూ పోయే దశల వరుసకు ముందు ‘సున్నా దశ’ను చేర్చారు. ఒకే కాలువలా కాక, అనేక పాయలుగా చీలి లోయంతా తడుపుతూ పారే స్థితి అది. ఆరెగన్‌లోని మెకంజీ నది దక్షిణ శాఖలో 2018లో దీన్ని నిజం చేసే పని మొదలైంది. లోయ అడుగును యంత్రాలతో చదును చేసి, దుంగలను విస్తారంగా వెదజల్లి, నీటిని ‘ఇక నీ ఇష్టం’ అని వదిలారు. ఇక్కడ ఇంజినీర్ల కష్టం మనం గుర్తించాలి. సరళరేఖ గీయడానికి నాలుగేళ్ల చదువు చాలు. గజిబిజిని గీతల్లో పెట్టి, ‘క్రమం లేకుండా అమర్చవలెను’ అని గుత్తేదారుకు రాసిచ్చి, అతడు నిజంగా క్రమం లేకుండా అమర్చాడా లేదా అని తనిఖీ చేయడానికి ఏ చదువు సరిపోతుంది?

విరోధులు లేకపోలేదు. దిగువన వంతెన ఉన్నవారు, చిన్న పడవల్లో షికారు చేసేవారు భయపడుతున్నారు. వారిని నేను వెక్కిరించను. నీరు దూరే కొమ్మల్లోంచి మనిషి దూరలేడు, అక్కడ చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. దుంగ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో లెక్క చూసుకోవలసిందే. కలపవారి దుఃఖం మాత్రం వేరు. మిల్లుకు పోయి పలకలు కావలసిన మంచి మొదలు నీళ్లలో నానుతుంటే వారి గుండె చెరువవుతోంది. గుండె చెరువైనా అందులో చేపలు పెరగవు కాబట్టి వాగు తప్పదు.

ఇంతకీ ఫలితం ఉందా అంటే, ఉంది. చలికాలపు మడుగులు, పక్క పాయలు ఏర్పరిచిన లాబ్‌స్టర్ క్రీక్, నెస్టక్కా వాగుల్లో సముద్రానికి బయలుదేరే కోహో పిల్లలు పెరిగాయని 2000లో వెలువడిన అధ్యయనం చూపించింది. అన్నిచోట్లా ఇంత స్పష్టంగా తేలలేదు. అదీ మంచిదే, తేలకపోతే మరో అధ్యయనానికి చోటుంటుంది.

వాగు పక్కన చెట్లను ఉండనిస్తే, ముసలివై అవే పడతాయి కదా అని అమాయకులు అడుగుతారు. వాయవ్య అటవీ ప్రణాళిక 1994లోనే, ఫెడరల్ అడవుల్లో చేపలున్న వాగులకు ఇరువైపులా కనీసం 300 అడుగుల మేర చెట్లకు రక్షణ ఇచ్చింది. ప్రైవేటు భూముల్లో అంత వెడల్పు లేదు. పైగా ఒకప్పుడు నరికేసిన చోట ఇప్పుడున్నవి చిన్న చెట్లు. అవి వాగుకు అడ్డంగా నిలిచేంత లావెక్కడానికి తరాలు పడుతుంది, నిధులు ఖర్చు చేయవలసిన గడువేమో అంతకంటే ముందే ముగుస్తుంది. అందుకని అప్పటిదాకా హెలికాప్టరు తప్పదని నేనూ ఒప్పుకుంటాను. ఆ తరువాత కూడా తప్పదని ఎవరైనా రాసిస్తే మాత్రం ఆ నివేదికను రెండోసారి చదువుతాను.

నాకు మింగుడు పడనిది బీవర్ల వ్యవహారం. చెట్లు కొరికి వాగులో పడేసి, కట్టలు కట్టి, మడుగులు నింపే ఈ జంతువును హడ్సన్స్ బే కంపెనీ అనే బ్రిటిష్ బొచ్చు వ్యాపార సంస్థ 1820లలో ఈ ప్రాంతపు తూర్పు భాగాల్లో పోటీదారులకు బొచ్చు దక్కకూడదని పట్టుబట్టి వేటాడించింది. ఆరెగన్ దాన్ని 1969లో రాష్ట్ర జంతువుగా ప్రకటించింది, జెండా వెనక వైపు బంగారు రంగులో అచ్చు వేసింది. ప్రైవేటు భూముల్లో మాత్రం 2023లో చట్టం మార్చేదాకా వేటాడి తినే క్రూరజంతువుల జాబితాలో ఉంచింది. బీవరు తినేది చెట్టు బెరడు, ఆకులు.

ఈలోగా ఆరెగన్‌లోనే బ్రిడ్జ్ క్రీక్‌లో మనుషులు గుంజలు పాతి, కొమ్మలు అల్లి, బీవరు కట్టలకు నకళ్లు తయారుచేశారు. స్టీల్‌హెడ్ చేప పిల్లల సంఖ్యా, మనుగడా మెరుగుపడ్డాయని 2016లో అధ్యయనం తేల్చింది. ఆ నకళ్లను చూసి అసలు బీవర్లు వచ్చి, వాటిని స్వాధీనం చేసుకుని, మరమ్మతు చేసి, విస్తరించాయి.

ఎంత మేలు జరిగినా నియమం నియమమే. అవి రాత్రిళ్లు పనిచేస్తున్నాయి, జులై నుంచి సెప్టెంబరు అనే గడువు పాటించడం లేదు, కొలతలు సమర్పించడం లేదు, పెట్టిన కర్రకు బిళ్ళ కొట్టడం లేదు, పర్యవేక్షకులకు ప్రయాణ భత్యం కూడా మిగల్చడం లేదు. సంబంధిత అధికారులు వెంటనే ఒక సంజాయిషీ నోటీసు తయారుచేసి, నీళ్లకు చెడిపోని కాగితం మీద ముద్రించి, ప్రతి కట్ట దగ్గరా పెట్టించాలని సవినయంగా కోరుతున్నాను. దాన్ని చెక్క గుంజకు మాత్రం కొట్టవద్దు, తెల్లవారేసరికి అది కూడా కట్టలో చేరుతుంది.