సవరణ: జెండర్ అధ్యయనంలో ఎంఏకు ఏ డిగ్రీ అయినా చాలు

విజయవాడ, గుంటూరు విద్యార్థుల కోసం పెట్టిన పోస్టులో, మహిళా, జెండర్ అధ్యయనాల్లో ఎంఏ చేయాలంటే డిగ్రీలో సామాజిక శాస్త్రాలు చదివి ఉండాలని రాశాను. అది తప్పు. ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో నడిపే ఈ కోర్సుకు ఏ డిగ్రీ ఉన్నా సరిపోతుందని దాని ప్రవేశ నియమాలు చెబుతున్నాయి. బీఎస్సీ, బీకాం వాళ్లూ అర్హులే, అబ్బాయిలు కూడా. ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది.

‘ఆ చదువుతో ఏం లాభం’ అనే ఇంటి పెద్దలకు ఒక మాట చెప్పండి: యూజీసీ నెట్ పరీక్షలో మహిళా అధ్యయనం ప్రత్యేక సబ్జెక్టు. అధ్యాపక వృత్తికి అదొక దారి.

నా పోస్టు చూసి దరఖాస్తు మానుకున్న సైన్సు విద్యార్థులెవరైనా మీకు తెలిస్తే, దయచేసి ఈ సవరణ వారికి చేరవేయండి.