సవరణ: కరోనా అలుగు (పాంగోలిన్ అనే పొలుసుల జంతువు) నుంచే వచ్చిందన్న మాట

మొన్నటి పోస్టులో కరోనా వైరస్ అలుగు నుంచే మనుషులకు సోకిందని, అలుగులో దొరికిన వైరస్, మనుషుల్లోని వైరస్ జన్యువులు 99 శాతం కలిశాయని రాశాను. అది తప్పు.

2020 ఫిబ్రవరిలో చైనా విశ్వవిద్యాలయం ఒకటి ప్రకటించిన ఆ 99 శాతం, వైరస్ మన కణానికి అతుక్కునే చిన్న ముక్కకు సంబంధించిన లెక్క. తర్వాత వచ్చిన పరిశోధన పత్రాల ప్రకారం మొత్తం జన్యుక్రమం చూస్తే పోలిక సుమారు 90 శాతమే. లావోస్ గబ్బిలాల్లో దొరికిన వైరస్‌తో అయితే 96.8 శాతం. అదీ నేరుగా మూలం కాదు, ఎందుకంటే వైరస్ జన్యుక్రమంలోని దాదాపు 30,000 అక్షరాల్లో 3 శాతం తేడా అంటేనే 900 పైచిలుకు మార్పులు, అవి రావడానికి ఏళ్లకేళ్లు పడుతుంది.

ఇంకోటి, 2017 మే నుంచి 2019 నవంబరు దాకా వూహాన్ మార్కెట్లలో అమ్మిన జంతువుల సర్వేలో 38 జాతులున్నాయి, వాటిలో అలుగు లేదు, గబ్బిలమూ లేదు. రకూన్ డాగ్‌లు (నక్క, కుక్కల కుటుంబానికి చెందిన అడవి జంతువులు) మాత్రం ఉన్నాయి. 2020 జనవరిలో వూహాన్‌లోని హువానాన్ మార్కెట్లో తీసిన కొన్ని నమూనాల్లో వాటి డీఎన్‌ఏ, వైరస్ ఆనవాళ్లు కలిసే దొరికాయి. దాన్నిబట్టి వాటికి వైరస్ సోకిందని రుజువైనట్టు కాదు, అనుమానం బలపడిందంతే. గబ్బిలాలకూ మనుషులకూ మధ్యలో ఉన్న జంతువేదో ఇంకా తేలలేదు.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా పంపండి. అసలే పొలుసుల కోసం వేటాడి చంపుతున్న జంతువు, దాని మీద ఈ నింద కూడా వద్దు.