ఆవు గారి ప్రవర

కొండాపూర్‌లోని మా గేటెడ్ కమ్యూనిటీ సర్వసభ్య సమావేశం గత ఆదివారం ఒక చరిత్రాత్మక తీర్మానం చేసింది. ఇకపై గేటు దాటి లోపలికొచ్చే ప్రతి లీటరు పాలతోపాటు ఆ పాలిచ్చిన ఆవు వంశవృక్షం కూడా రావాలి. అజెండాలో ముందున్న లిఫ్టు రిపేరును వాయిదా వేశాం. జాతి ముందా, లిఫ్టు ముందా?

గోత్రం అనే మాటలోనే గోవు ఉంది. పెళ్లి సంబంధానికి మూడు తరాలు ఆరా తీసే మనం, పొద్దున్నే కాఫీలో కలిసిపోయే దాని పుట్టుపూర్వోత్తరాలు అడక్కపోవడం అపచారమే. దేశీ ఆవు పాలను నేనైతే నాలుకతోనే పట్టేస్తాను. ఆ ప్రతిభను గుర్తించే కాబోలు, పరిశీలక సంఘానికి నన్నే కన్వీనర్‌ను చేశారు.

మా నివేదిక సారాంశం ఇది. మూపురం ఉన్న మన ఆవు, మూపురం లేని విదేశీ సీమ ఆవులు జెర్సీ, హోల్‌స్టీన్‌లు ఆరోక్స్ అనే అడవి పశువు సంతానమే. ఆ వంశంలో చీలిక లక్షల ఏళ్ల నాటిది. అంటే మనిషి పలుపుతాడు పట్టుకుని రాకముందే దాయాదులు వేరు కాపురాలు పెట్టేశారు. ఆ తర్వాత వాళ్లను పశ్చిమాసియాలో సుమారు 10,000 ఏళ్ల కిందట, మనవాళ్లను మెహర్‌గఢ్ ప్రాంతంలో సుమారు 8,000 ఏళ్ల కిందట మచ్చిక చేసుకున్నారు. మెహర్‌గఢ్ ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉందని బి బ్లాక్ సభ్యుడొకాయన లేచి చెప్పారు. ఆ వాక్యాన్ని మినిట్స్ నుంచి తొలగించాం.

తేడాలు లేకపోలేదు. మన ఆవుకు వేలాడే గంగడోలు, నున్నటి పొట్టి వెంట్రుకలు, ధారాళంగా పనిచేసే చెమట గ్రంథులు. పిడుదులు కూడా దీని జోలికి అంతగా రావు. మే నెల ఎండలో హోల్‌స్టీన్ నాలుక బయటపెట్టి రొప్పుతుంటే ఇది చెట్టుకింద తీరిగ్గా నెమరేస్తుంది. అదే ఎండకు తరతరాలుగా అలవాటుపడ్డ వంశమని చెప్పుకునే మా సభ్యులు, కారు దిగి లిఫ్టు దాకా నడిచేలోపే సొమ్మసిల్లుతారు. ఈ వైరుధ్యం మా సంఘం పరిధిలోకి రాదు.

క్రోమోజోముల దగ్గర తలవంపులొచ్చాయి. ఇద్దరికీ అరవయ్యే! కలిస్తే పుట్టే దూడలకు మళ్లీ దూడలు పుడతాయి. ఒక్క మగ వై క్రోమోజోములో మాత్రం తేడా కనిపించింది. దాని నడుం సీమ గిత్తకు మధ్యకు జరిగి ఉంటే, మన గిత్తకు ఓ కొసన ఉంటుంది. పాలిచ్చే ఆవుకు వై ఉండదు కనుక ఈ తేడాను కాఫీలో పట్టుకోవడం నా నాలుకకు కూడా కష్టమే.

ఇక దేశీ ఆవు పాల ప్యాకెట్ల మీద గొప్పగా కనిపించే ఏ2 ముద్ర. బీటా కేసిన్ ప్రోటీనులో 209 అమైనో ఆమ్లాలుంటే, 67వ స్థానంలో ప్రోలీన్ ఉంటే ఏ2, హిస్టిడిన్ ఉంటే ఏ1. ఆ ఒక్క గింజ కోసమే మేం లీటరుకు రెట్టింపు ధర కడుతున్నాం. ఆహార భద్రతా సంస్థ 2024 ఆగస్టులో ప్యాకెట్ల మీద ఈ ఏ1, ఏ2 ముద్రలు తీసేయమని, వారం తిరక్కుండానే ఆ మాట వెనక్కి తీసుకుంది. మా అసోసియేషనే నయం, ఏ తీర్మానమైనా రద్దు చేయడానికి కనీసం నెల తీసుకుంటుంది. పైగా సీమ ఆవుల్లోనూ ఏ2వి బోలెడున్నాయట. బర్రె పాలూ ఏ2నేనట! సదర్ పండక్కి దున్నపోతులను పూలదండలతో ఊరేగించే నగరంలో, ఇరానీ చాయ్ అంతా బర్రె పాల మీదే నడిచే నగరంలో, ఆ యాభై క్రోమోజోముల జీవిని ఎవరూ ప్రవర అడగలేదు. నల్లగా ఉందనేమో.

ఒంగోలు గిత్త సంగతికొస్తే మాత్రం సభ్యుల ఛాతీలు ఉప్పొంగాయి. 19వ శతాబ్దం నుంచి 1960ల దాకా ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లిన మన పశువులు అక్కడ నెల్లూరు పేరుతో నెలోర్‌గా స్థిరపడ్డాయి. ఆ జాతి ఆవు ఒకటి ఇటీవల 40 లక్షల డాలర్లకు పైగా పలికింది. మన ఉపజాతి జన్యుపటం 2012లో వెలువడిందీ నెలోర్ గిత్తదే. ఎన్నారై సంబంధం దొరికినంత ఆనందంలో ఉండగా చివరి పేజీ చదివాను. అక్కడికి చేరిన ఆడపశువులు తక్కువ. అందుకని మన గిత్తలను అక్కడి సీమ ఆవులతోనే తరతరాలుగా దాటించారు. తల్లి నుంచే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ చూస్తే చాలా నెలోర్‌లకు అమ్మమ్మల అమ్మమ్మ సీమ ఆవే. ఒంటిమీద మూపురం, ఇంటిపేరు నెల్లూరు, అమ్మమ్మ మాత్రం ఐరోపా. డల్లాస్‌లో కొడుకున్న పెద్దాయన గొంతు సవరించుకున్నారు. ఆ పేజీని కూడా తొలగించాం.

తీర్మానం కాపీని మర్నాడు పొద్దున మా పాలాయన చేతిలో పెట్టాను. తొమ్మిదో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చాడేమో, ఆయాసం తీరాక నిదానంగా చదివాడు.

"బర్రెకు గోత్రమేంది సార్? మూడేండ్ల సంది మీ ఇంట్ల పోసేవి బర్రె పాలే గద, అమ్మకెరుకే. ముందుగాల ఆ లిఫ్టు బాగ చేయించుండ్రి."