బతికున్న కంప్యూటర్‌కు చావు తేదీ

కాలిపోయిన మదర్‌బోర్డు నుంచి ఫైళ్లన్నీ దాచుకునే డిస్కును, అంటే ఎస్ఎస్‌డీని, ఊడదీసి వేరే బోర్డుకు తగిలించండి. పాతది ఇంటెల్ ప్రాసెసర్‌ది, కొత్తది ఏఎండీ ప్రాసెసర్‌ది అయినా సరే. డిస్కులో ఉబుంటూనో డెబియనో (విండోస్‌కు బదులు వాడే లినక్స్ రకాలివి) ఉంటే మామూలుగా నిమిషంలో లాగిన్ తెర వచ్చేస్తుంది. నిన్న సగంలో ఆపిన ఫైలు ఉన్నచోటే ఉంటుంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో లినక్స్ తెలిసిన ఏ రిపేరు కుర్రాడిని అడిగినా ఇదే చెబుతాడు.

ఇందులో మాయేమీ లేదు. బూట్ అయిన ప్రతిసారీ లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ బడిలో హాజరు పిలిచినట్టు హార్డ్‌వేర్‌ను లెక్క చూసుకుంటుంది. ఒక్కో పరికరం చెప్పే గుర్తింపు నంబరును బట్టి తన దగ్గరున్న డ్రైవర్లలో (పరికరాలను నడిపే ప్రోగ్రాముల్లో) సరిపోయేది ఎక్కించుకుంటుంది. చిక్కులు లేవని కాదు. నెట్‌వర్క్ కార్డు పేరు మారి ఇంటర్నెట్ ఓ పూట మొరాయించవచ్చు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుతో తలనొప్పి రావచ్చు. ఫెడోరా అనే మరో లినక్స్ రకమైతే బూట్ మెనూలోని రెస్క్యూ ఎంట్రీ నుంచి లేపాల్సి రావచ్చు. అంతేగానీ, బోర్డు మార్చినందుకు సంజాయిషీ అడిగే నాథుడు ఉండడు.

విండోస్ అడుగుతుంది. మదర్‌బోర్డు మారితే దాని లెక్కలో అది కొత్త కంప్యూటర్. మిషన్‌తోపాటు వచ్చిన లైసెన్సు పాత బోర్డుతోనే పోయినట్టు. అది చాలదన్నట్టు 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగించింది, అంటే మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. అంటే 2017లో కొన్న ఏడో తరం ఐ5, ఒక్క స్క్రూ వదులవకపోయినా, పనికిరానిదే. ఇళ్లలో వాడేవారికి ఏడాది గడువిచ్చారు లెండి. దానికీ మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి.

భద్రతకు టీపీఎం అవసరమని, పాత తెలుగు ఫాంట్లు లినక్స్‌లో ఇబ్బంది పెడతాయని అనేవారున్నారు. నిజమే, ఆ ఫాంట్ల బాధ మా పేజీలు పెట్టే గదిలోనూ ఉంది. కానీ మా భయం వేరు. నిక్షేపంలా పనిచేస్తున్న యంత్రానికి అమ్మినవాడు చావు తేదీ రాస్తే కొన్నవాడు తలూపాడు. ఈ ఆనవాయితీ ఒకసారి స్థిరపడితే రేపు ప్రింటర్‌కు, ఎల్లుండి ట్రాక్టర్‌కు ఇలాగే తేదీ వేస్తారు. అప్పుడు ఏమని అడ్డుకుంటాం?

లినక్స్ కూడా పాతవాటిని వదిలేస్తుంది. 1985 నాటి 386 ప్రాసెసర్‌ను 2013లో వచ్చిన 3.8 కెర్నల్‌తో వదిలేసింది. 1991లో టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టిందే ఆ చిప్ మీద! పాతికేళ్లు దాటాక వదలడానికీ, ఎనిమిదేళ్లకే గెంటేయడానికీ తేడా లేదా?

లినక్స్‌లా కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యమని, వద్దంటే కారణం చెప్పాలని కేంద్ర ప్రభుత్వం 2015లోనే విధానం ప్రకటించింది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే పాఠాలు నేర్చుకుంటున్నారు. మన సచివాలయాలకు ఏమడ్డం? ఆ అక్టోబర్ తేదీని చూపి కొత్త కంప్యూటర్లకు ఫైలు కదిపే ప్రతి అధికారీ ఆ ఆనవాయితీకి ప్రజల డబ్బుతో రాజముద్ర వేస్తున్నట్టే. అయ్యా, సంతకానికి ముందు పాత మిషన్‌కు ఒక్క లినక్స్ పెన్‌డ్రైవ్ గుచ్చి చూశారా? చూడకుండానే "పనికిరాదు" అని రాసిన వాళ్లెవరో ఆ ఫైల్లోనే పేరు పెట్టి రాయండి.