పూజకేనండీ

బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి మొదటిసారి అడిగినప్పుడే నిజం చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

"అయిదు వందల డాలర్లకీ అర డాలరు బిళ్లలేనా? ఏం చేసుకుంటారు?" అంది.

అమెరికాలో అర డాలరు బిళ్ల దాదాపు ఎవరూ వాడరు. కోక్ మిషన్‌లో వేస్తే కక్కేస్తుంది. కొట్లో ఇస్తే కుర్ర క్యాషియరు అటూ ఇటూ తిప్పి చూసి మేనేజరును పిలుస్తాడు. అలాంటివి వెయ్యి కావాలంటే అనుమానం రాదూ? వెండి వెతుక్కోవడానికి అని చెబితే, నేను అటు వెళ్లగానే ఈ పిల్లే పెట్టె విప్పుకుంటుందేమోనని భయం. ఆ క్షణాన నోటికొచ్చిన మాట "పూజకు". లక్ష్మీదేవికి నాణేలతో అర్చన చేస్తామని, నూట ఎనిమిది నామాలకు నూట ఎనిమిది బిళ్లలని కాస్త వివరించాను కూడా. అందులో అబద్ధం లేదు కదా! ఆ పిల్ల భక్తిగా తలూపి ఆర్డరు రాసుకుంది.

అసలు సంగతేమిటంటే, 1964 దాకా ఈ దేశంలో పది సెంట్లు, పావు డాలరు, అర డాలరు బిళ్లల్లో నూటికి 90 పాళ్లు వెండే ఉండేది. వెండి ధర పెరిగి, జనం బిళ్లలు దాచేసుకుని, చిల్లరకు కరువొచ్చింది. 1965లో అప్పటి అధ్యక్షుడు జాన్సన్ చట్టం మీద సంతకం పెట్టి చిన్న బిళ్లల్లో వెండి తీయించేశాడు. అర డాలరుకు మాత్రం దయతలచి 40 పాళ్లు ఉంచారు, 1970తో అదీ పోయింది. ఇప్పటి బిళ్ల అంచు చూస్తే క్రీము బిస్కెట్టులాగా మధ్యలో రాగి గీత కనబడుతుంది. పాతదానికి ఆ గీత ఉండదు, అంచంతా తెలుపే. అధ్యక్షుడు కెనడీ మీద ప్రేమతో ఏ తాతగారో ఆయన బొమ్మున్న 1964 బిళ్లలు మేజోడులో పోసి దాస్తాడు. తాత పోయాక మనవడు చిల్లరే కదా అని బ్యాంకులో వేసేస్తాడు. అవి కాగితం చుట్టల్లోకి ఎక్కి నాలాంటివాడి చేతికొస్తాయి. ఒక్కోదానిలో పదకొండు గ్రాములకు పైగా వెండి, ఖరీదు అర డాలరు. దొరక్కపోతే బిళ్లలు తిరిగి బ్యాంకులో వేసేయడమే.

"నష్టమనేదే లేని వ్యవహారం" అన్నాను మా ఆవిడతో.

"లాభమో?" అంది.

ఆడవాళ్లు ఇలాంటి ప్రశ్నలు ఎక్కణ్ణుంచి తెస్తారో తెలియదు.

చుట్టకు ఇరవై బిళ్లలు, పెట్టెకు యాభై చుట్టలు, పెట్టె బరువు పాతిక పౌన్లు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు పచ్చళ్లు కుక్కుకొచ్చే సూట్‌కేసులో సరిగ్గా సగం. మేముండేది డల్లాస్ పక్కన. ఆగస్టు ఎండలో దాన్ని కారు దాకా మోసుకొస్తే చొక్కా పిండుకోవాలి. రాత్రంతా చుట్టలు విప్పి అంచులు చూసి, మర్నాడు మళ్లీ మోసుకెళ్లి ఇంకో బ్యాంకులో వెయ్యాలి. కొన్నచోటే వేస్తే, మనం పెట్టిన జాకెట్టు ముక్క నాలుగు పేరంటాలు తిరిగి మళ్లీ మనింటికే వచ్చినట్టు, చూసిన బిళ్లలే మళ్లీ చూడాల్సి వస్తుంది. ఆరు నెలల్లో ఇరవై రెండు పెట్టెలు చూశాను. రెండున్నర క్వింటాళ్లు. మా గోదావరి లెక్కలో మూడు బస్తాల ధాన్యానికి పైమాటే. పొట్టు పోగా మిగిలిన గింజలు, అంటే 90 పాళ్ల వెండి బిళ్లలు, పదకొండు. వాటిలో నా ప్రాణం 1943 నాటిది. ఉదయిస్తున్న సూర్యుడి వైపు స్వేచ్ఛాదేవి నడిచి వెళ్తున్న బొమ్మ ఉంటుంది దాని మీద. ఈ పదకొండూ కడిగిన ఆవకాయ సీసాలో వేసి వంటింటి పై అరలో పెట్టాను. ఎంత కడిగినా ఆవ ఘాటు పోలేదు. దొంగలు ఆ వాసనకే అటు రారని నా ధైర్యం.

ఇంటి దొంగ సంగతి ఆలోచించలేదు.

జూన్‌లో అమ్మ వచ్చింది. శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం పెట్టుకున్నారు. "అష్టోత్తరానికి బిళ్లలు కావాలే అమ్మాయ్" అంటే, మా ఆవిడ "మీ అబ్బాయి పెట్టె నిండా ఉన్నాయి అత్తయ్యా, తీసుకోండి" అంది. ఆ రోజు నేను మేడ మీద ఆఫీసు కాల్‌లో ఉన్నాను. కింద పేరంటాళ్లు రావడం, హారతి పాట, సెలవు పుచ్చుకోవడాలు, గుమ్మం దగ్గర మళ్లీ మొదలైన ఇంకో అరగంట కబుర్లు, అన్నీ వినబడుతూనే ఉన్నాయి. బ్యాంకుకు చెప్పిన అబద్ధం ఇవాళ్టితో నిజమైందని లోపల కాస్త తృప్తి కూడా పడ్డాను.

రాత్రి పులిహోర వడ్డించుకోవడానికి వెళ్తే ఆవకాయ సీసా సింకు పక్కన బోర్లించి ఉంది.

"అమ్మా, ఇందులో బిళ్లలేవీ?"

"వాయనంలో పెట్టాం కదరా. ఒక్కొక్కరికి ఒక్కోటి."

"పెట్టెలో వెయ్యి ఉంటే, ఇవే కావలసొచ్చాయా?"

"అవి రాగివి రా. ఇంట్లో వెండి పెట్టుకుని పేరంటాళ్లకు రాగి పెడతారటరా ఎవరైనా?"

వెండని నీకెలా తెలుసని అడిగాను. అమ్మ నన్ను చిన్నప్పుడు ఎక్కాలు తప్పు చెప్పినప్పుడు చూసినట్టు చూసింది. పెట్టెలోంచి ఓ బిళ్ల తీసి వంటింటి గ్రానైట్ బండ మీద పడేసింది. టప్పుమంది. "మా అమ్మమ్మ రాణీ రూపాయి, రాజు రూపాయి గడప రాయి మీద పడేసి చెవితోనే చెప్పేది. సీసాలోవి ఖంగుమన్నాయి. పైగా చేత్తో పట్టుకుంటే తులం మీద కాస్త మొగ్గుంది." పాత వెండి రూపాయి బరువు తులం, పదకొండున్నర గ్రాముల చిల్లర. 1964 అర డాలరు పన్నెండున్నర. నేను డిజిటల్ కాటా కొని తేల్చుకున్నది అమ్మ అరచేత్తో తేల్చేసింది.

"సీసాలో పదకొండే ఉన్నాయి. వచ్చింది పన్నెండు మంది కదా?" అంది మా ఆవిడ. ఆవిడకు లెక్కలంటే ప్రాణం.

"పన్నెండోది వీడు చూసేసి పక్కన పెట్టిన చుట్టల్లో దొరికిందే. నిద్రమొహంతో చూసుంటాడు" అంది అమ్మ.

వాయనం ఇచ్చింది వెనక్కి అడగకూడదు. ఏ శాస్త్రంలో రాశారో తెలియదు కానీ, అడగబోతే నాలుక మడత పడుతుంది. అయినా శనివారం పొద్దున్నే ప్రసాదం డబ్బా వంకతో బయల్దేరాను. మొదటి ఇంటావిడ, "అమ్మవారి దగ్గరే పెట్టాను అన్నయ్యగారూ" అని చూపించింది. పసుపు, కుంకుమ, పైన మందారం. దణ్ణం పెట్టుకుని వచ్చేశాను. రెండో ఇంట్లో పిల్లాడికి ముందు రోజు రాత్రే పన్ను ఊడింది. ఊడిన పన్ను దిండు కింద పెడితే రాత్రి పళ్ల దేవత వచ్చి డబ్బు పెట్టి పోతుందని ఇక్కడి పిల్లల నమ్మకం. వేరే బిళ్ల లేక వాళ్లమ్మ దాన్నే దిండు కింద పెట్టింది. పళ్ల దేవత ఇచ్చిందని వాడు గుప్పెట బిగించి తిరుగుతున్నాడు. దాన్ని అడగాలంటే ముందు అమెరికా పురాణమంతా అబద్ధమని ఆ పసివాడికి చెప్పాలి. చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట వాస్తవం.

మూడో ఇల్లు కరీంనగర్ వాళ్లది. ఆయన సోఫాలో కూచోబెట్టి, చాయ్ ఇచ్చి, "ఏందన్నా, ఆ బిళ్ల కోసం గింత పరేషాన్ ఉన్నవ్?" అన్నాడు. చాయ్ బాగుంది. ఆరు నెలలుగా ఈ విషయం ఇష్టంగా విన్న మనిషి నాకు దొరకలేదు. 1964 గురించి, అంచు గురించి, రాగి గీత గురించి చెప్పాను. ఆయన భార్య డైటింగ్ కోసం కొన్న వంటింటి కాటా తెచ్చాడు. అది 12 అని, 13 అని ఊగిసలాడింది. "పన్నెండున్నర" అన్నాను గర్వంగా. ఏ బ్యాంకులో దొరుకుతాయన్నా అంటే అదీ చెప్పాను. ఏ వారం ఆర్డరు పెట్టాలో కూడా చెప్పాను. బిళ్ల మాత్రం ఇవ్వలేదు. "గిది ఇంట్లనే ఉండనీ, లక్ష్మి వచ్చినంక పంపుతరా?" అన్నాడు. న్యాయమే.

మొత్తం పన్నెండు ఇళ్లు తిరిగితే వెనక్కొచ్చింది ఒకటి. అదీ నేను అడిగినందుకు కాదు. సూపర్ మార్కెట్లో చిల్లర లెక్కపెట్టే మిషన్‌లో వేస్తే మాటిమాటికీ బయటికి తోసేస్తోందట. "చెల్లదనుకుంటా అన్నయ్యగారూ" అని ఆవిడే జాలిగా చేతిలో పెట్టింది. ఆ మిషన్లు కొత్త లోహానికి అలవాటుపడ్డవి, వెండిబిళ్ల పడితే గుర్తుపట్టలేక పక్క గిన్నెలోకి ఉమ్మేస్తాయి. మాలాంటివాళ్లం ఆ గిన్నెలో ఓసారి చెయ్యి పెట్టకుండా దాని పక్కనుంచి నడవలేం.

ఇక నా 1943. అది దక్కించుకున్న పెద్దావిడ శనివారం సాయంత్రమే దాన్ని గుడి హుండీలో వేసేసింది. ఆదివారం హుండీ లెక్కింపుకు వాలంటీర్లు కావాలంటే అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. నాకింత భక్తి ఉందని మా ఆవిడకు అప్పుడే తెలిసింది. రెండు గంటలు చిల్లర వేరుచేస్తే దొరికింది, సూర్యుడి వైపు నడుస్తూ నా తల్లి. ఇరవై డాలర్ల నోటు పెట్టి ఇది తీసుకుంటానన్నాను. కోశాధికారి పెద్దాయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. "హుండీలో పడింది దేవుడిదండీ. ఎంత పడితే అంతా రేపు పొద్దున బ్యాంకుకే. ఆ ఇరవై కూడా హుండీలో వేసెయ్యండి." వేశాను.

గుడి ఖాతా ఉన్నది నేను వెళ్లే బ్యాంకులోనే. ఆఫీసులో డెంటిస్టు అని చెప్పి సోమవారం పదకొండున్నరకల్లా కౌంటరు ముందు నిలబడ్డాను. విడి అర డాలర్లు ఏమైనా ఉన్నాయా అని అడిగాను. ఆ పిల్ల నొచ్చుకుంది.

"అయ్యో, ఇప్పుడే ఒకాయన ట్రేలో ఉన్నవన్నీ తీసుకెళ్లారండీ. పాతదొకటి ఉంది, ఆడమనిషి నడుస్తున్న బొమ్మది. అది చూసి ఎంత సంతోషపడ్డారో! వచ్చే నెలకు నాలుగు పెట్టెలు కూడా ఆర్డరిచ్చారు."

"ఏం చేసుకుంటారట?"

"మీకు తెలియదా?" అని ఆశ్చర్యపోయింది. "పూజకట."