ముత్యానికి వెంట్రుకవాసి ఇవతల బిగుసుకున్న ముడి గారికి

మహారాజశ్రీ ముడి గారి సముఖమునకు,

నమస్కారాలు. ఈ మధ్యాహ్నం తమరు కొలువుదీరిన చోటు చూస్తూనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ముత్యానికీ ముత్యానికీ మధ్య ఒక్కో ముడి వేస్తూ గుచ్చుతున్న ముత్యాల దండ దాదాపు అయిపోయింది. ఇంకాసేపట్లో కొక్కెం తగిలించేదాన్ని. సరిగ్గా అక్కడ, ముత్యాన్ని ఆనుకుని ఉండాల్సిన తమరు మిల్లీమీటరు ఇవతలే ఆగి బిగుసుకున్నారు. ఆ సందులోంచి పట్టుదారం నన్ను చూసి ఇకిలిస్తోంది.

తమరి సేవలో నేనేం లోపం చేశానండీ? వదులుగా ఉచ్చు వేశాను. అందులోంచి దండంతా దూర్చాను. ఉచ్చులో సూది మొన పెట్టి, తమరిని బుజ్జగిస్తూ ముత్యం దాకా నడిపించుకొచ్చాను. ఇక సూది తీయాలి, అదే క్షణంలో దారం లాగాలి. తమరి రాజకీయమంతా ఆ "అదే క్షణం"లోనే ఉంది. సూది రెప్పపాటు ముందు తీస్తే ఇవతలే బిగుసుకుంటారు. ఆలస్యం చేస్తే సూదినే కట్టేసుకుంటారు. నేర్పేవాళ్లను అడిగితే "అలవాటైతే చేతికే తెలుస్తుంది" అంటారు. వాళ్ల చేతులకు తెలుసు, బాగానే ఉంది. నా చేతులకు చెప్పేదెవరు?

దారం చుట్ట మీద నంబర్ల గురించి వేరే ఉత్తరం రాయాలి. దారం లావును బట్టి నంబరట. ఏం లాభం? ఒకే వరుసలో కొన్న ముత్యాల్లో ఒకదాని బెజ్జంలో హాయిగా దూరే దారం పక్కదాని గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. దారంతోపాటే వచ్చే మెలితీగ సూదికీ ఓ దండం. దాని కన్ను నలిగిందా, ఊడిన దారం మళ్లీ ఎక్కదు.

వాళ్లను క్షమించేస్తాను. తమరిని మాత్రం కుదరదు.

"విప్పేస్తే పోతుంది కదా" అని ఇంట్లో ఉచిత సలహా. పట్టుదారమంటే సన్నటి పోగుల మెలిక. ఒకసారి బిగుసుకున్నాక సూదిమొనతో తమరిని పొడుస్తుంటే వదులయ్యేది తమరు కాదు, పోగులు. అవి పీచులేచాక ఆ దారం ఏ బెజ్జంలోనూ దూరదు. పోనీ వదిలేద్దామా అంటే, ఆ సందులో ముత్యం అటూ ఇటూ ఆడుతుంది, బెజ్జం అంచు దారాన్ని కోస్తూ ఉంటుంది. 16 అంగుళాల దండలో 6 మిల్లీమీటర్ల ముత్యాలైతే 60 దాకా ముడులు పడతాయి. మిగతావన్నీ బుద్ధిగా కూర్చున్నా, తమరొక్కరి కోసం మొదటి ముత్యం నుంచీ మళ్లీ గుచ్చాలి, ఎందుకంటే అందరిదీ ఒకటే దారం.

ఇక మర్యాద చాలు. ఒరేయ్ ముడీ, నీకెందుకురా ఇంత తొందర? ఇంకొక్క మిల్లీమీటరు నడిస్తే నీ సొమ్మేం పోయేది? కుదురుగా కూర్చున్న నీ అన్నదమ్ములను ఎవరైనా చూస్తారా? ముత్యాలనే మెచ్చుకుంటారు. ఈ దండలో జనం కంటపడే ముడివి నువ్వొక్కడివే. బహుశా నీకు కావాల్సింది కూడా అదేనేమో!

అసలు నిన్ను వేయకుండానే గుచ్చేద్దామనీ అనుకున్నాను. కానీ ముత్యం మెత్తటిది. మోస్ కొలతలో వజ్రం 10 అయితే దీని గట్టిదనం 2.5 నుంచి 4.5 లోపే. పక్కదానితో రాసుకుంటే మెరుపు పొర అరిగిపోతుంది. నడిమధ్యలో దారం తెగినా, నువ్వుంటే జారిపోయేది ఒక్క ముత్యం. నువ్వు లేకపోతే మంచాల కింద, బీరువాల వెనక పాకుతూ వెతుక్కోవాలి. నువ్వు లేనిదే గడవదని నీకూ తెలుసు. అందుకే ఈ పొగరు.

సరే. ముత్యాలన్నీ జాగ్రత్తగా గిన్నెలోకి దించుకుంటాను. కొత్త దారం తీసి, తర్వాత సాగి మళ్లీ సందులు పడకుండా ముందే సాగదీస్తాను. నిన్ను మాత్రం అటో ముక్క, ఇటో ముక్క దారంతో సహా కత్తిరించి, రాబోయే ముడులన్నిటికీ కనబడేలా బల్ల మీద టేపేసి అంటిస్తాను.

ఇట్లు,
కత్తెర చేతబట్టిన
తమ విధేయురాలు