హిప్నాసిస్ కుర్చీలో సిగరెట్ పోదు

నా మిత్రుడొకడు నిరుడు సిగరెట్ మానడానికి హిప్నోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లాడు. వెనక్కి వాలే కుర్చీ, మసక వెలుతురు, గొంతు తగ్గించి పది నుంచి వెనక్కి లెక్కపెట్టే మనిషి. 'మీ రెప్పలు బరువెక్కుతున్నాయి... పొగ వాసన అంటేనే మీకు వికారం పుడుతోంది...' గంట తర్వాత లేచి, జేబులో ఉన్న పెట్టెను అక్కడి చెత్తబుట్టలోనే పడేసి వచ్చాడు. పదకొండు రోజులు ముట్టలేదు. పన్నెండో రోజు ఆఫీసులో ఎవరితోనో మాటా మాటా పెరిగింది. మెట్లు దిగి కిందికొచ్చేసరికి చేతిలో సిగరెట్ ఉంది. ఎవరిని అడిగి తీసుకున్నాడో కూడా గుర్తులేదట. ఉసూరుమంటూ థెరపిస్ట్‌కు ఫోన్ చేస్తే ఆయన అన్న మాట: 'మీకు మానాలన్న కోరిక బలంగా లేదండీ.'

పోయిన డబ్బు గురించి మావాడు బాధపడలేదు. ఈ మాటకే కుంగిపోయాడు. నాకు కోపం వచ్చింది కూడా ఈ మాట మీదే.

హిప్నాసిస్ అంతా బూటకం అనడం నా ఉద్దేశం కాదు. నొప్పి, ఆందోళన తగ్గించే వైద్యంలో దానికీ కొంత చోటుంది. సిగరెట్ విషయంలో దాన్ని నమ్మేవాళ్ల దగ్గర చూపించడానికి ఒక అంకె కూడా ఉంది. హెర్బర్ట్ స్పీగెల్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ ఒక్కసారి మాత్రమే కూర్చోబెట్టి స్వీయ హిప్నాసిస్ నేర్పిన 615 మంది ఫలితాలను 1970లో ప్రచురించారు. ఆరు నెలల తర్వాత వాళ్లలో దాదాపు 20 శాతం మంది సిగరెట్‌కు దూరంగానే ఉన్నారు. నిజం చెప్పాలంటే ఆయన పద్ధతి నాకూ నచ్చుతుంది. వికారాలు, భయాలు ఏమీ లేవు. పొగ ఈ శరీరానికి విషం, బతకాలంటే ఈ శరీరం కావాలి, దీన్ని కాపాడుకోవాల్సింది నేనే అని ఎవరికి వారు మననం చేసుకోమన్నారు, అంతే.

అయితే ఆ 615 మందిని పోల్చి చూడ్డానికి పక్కన ఇంకో గుంపు లేదు. అలా పోల్చి చూసిన అధ్యయనాలను, వైద్య పరిశోధనలను జల్లెడపట్టే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ సమీక్షకులు 2019లో ఒకచోటికి చేర్చారు. మొత్తం 14 అధ్యయనాలు, 1,926 మంది. కౌన్సెలింగ్ లాంటి పద్ధతుల కంటే, అసలు ఏ సాయమూ లేకుండా మానడం కంటే హిప్నాసిస్ మెరుగని చెప్పడానికి స్పష్టమైన ఆధారం వాళ్లకు దొరకలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా పరిస్థితి ఇదీ.

మరి జనం అటువైపే ఎందుకు చూస్తారు? బీపీకి రోజూ మాత్ర వేసుకునే మనిషే సిగరెట్ మానడానికి మాత్ర అంటే మొహం చిట్లిస్తాడు. 'ఆ మాత్రం మనసు గట్టి చేసుకోలేనా' అంటాడు. చేసుకోలేకపోయాక, ఇంకొకరి చేత గట్టి చేయించుకుందామని హిప్నాటిస్ట్ దగ్గరికి పోతాడు. రెండు చోట్లా ఉన్న నమ్మకం ఒక్కటే. రోగం మనసుది, కనుక వైద్యమూ మనసుకే జరగాలి.

దమ్ము లాగిన పది, ఇరవై సెకన్లలో పొగాకులోని నికోటిన్ మెదడుకు చేరి, హాయి అనిపించే డోపమైన్ అనే రసాయనాన్ని కదిలిస్తుంది. రోజూ అందే నికోటిన్‌కు తగ్గట్టు మెదడులో దాన్ని అందుకునే గ్రాహకాలు పెరుగుతాయి. రెండు గంటలు గడిస్తే రక్తంలో అది సగానికి పడిపోతుంది, చిరాకు మొదలవుతుంది. టెన్షన్ తగ్గడానికి తాగుతున్నాం అంటారు కానీ, ఆ టెన్షన్‌లో చాలా భాగం అంతకుముందు తాగిన సిగరెట్ పెట్టిందే. ఒక లెక్క వేయండి. రోజుకో పెట్టె, అంటే ఇరవై సిగరెట్లు. ఒక్కోదానికి పది దమ్ములు. రోజుకు రెండు వందలు, ఏడాదికి 73 వేలు. ఏడాదిలో 73 వేల సార్లు మెదడుకు నూరిపోసిన పాఠాన్ని కుర్చీలో గంటసేపు కూర్చుని చెరిపేయాలట!

దీనికి మందులున్నాయి. ఈ సంగతి తాగేవాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పరు. పసుపు పూల లాబర్నమ్ చెట్టు గింజల్లో సైటిసిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని బల్గేరియాలో 1960ల నుంచే మాత్రలుగా వాడారు. దాని నమూనాలోనే తర్వాత వారెనిక్లిన్ తయారైంది. 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. మెదడులో నికోటిన్ కూర్చునే కుర్చీలో ఇది ముందే వెళ్లి కూర్చుంటుంది. కొంచెం తృప్తి ఇస్తుంది కాబట్టి తహతహ తగ్గుతుంది. ఆగలేక ఒకటి వెలిగించినా పాత మజా రాదు. మానసిక సమస్యలు తెస్తుందేమోనన్న అనుమానంతో అమెరికాలో దాని మీద తీవ్రమైన హెచ్చరిక ముద్రించారు. సుమారు ఎనిమిది వేల మంది మీద పెద్ద పరీక్ష జరిగాక 2016లో ఆ హెచ్చరికను తీసేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వారెనిక్లిన్, సైటిసిన్, బుప్రోపియాన్‌లతో పాటు నికోటిన్ ప్యాచ్, గమ్ లాంటివీ ఉన్నాయి. మందుతో పాటు కౌన్సెలింగ్ కూడా ఉంటే ఇంకా మంచిది. ఎవరికి ఏది సరిపడుతుందో డాక్టర్ చూసి చెప్పాలి.

ఇప్పుడు ఆ 'కోరిక బలంగా లేదు' దగ్గరికి వద్దాం. ఈ మాట వల్ల ఎవరికి లాభం? 1994 ఏప్రిల్‌లో ఏడు పెద్ద పొగాకు కంపెనీల అధిపతులు అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కాదనే తాము నమ్ముతున్నామని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. అది వ్యసనమేనని ఆ దేశ ప్రజారోగ్య ఉన్నతాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక అప్పటికి ఆరేళ్ల కిందటే, 1988లోనే తేల్చి చెప్పింది. కంపెనీలు కోర్టుల్లో పట్టుకున్న దారి కూడా ఇదే. తాగింది వాళ్ల ఇష్టం, మానడం వాళ్ల చేతిలో పని, మధ్యలో మాదేం తప్పు? కంపెనీ వకీలు చెప్పేదీ, మావాడికి ఆ థెరపిస్ట్ చెప్పిందీ ఒకటే వాదన. 'మనసుంటే మార్గముంటుంది' అని ఇంట్లో వాళ్లు చెప్పేదీ అదే, కాస్త ప్రేమ కలిపి.

సిగరెట్‌తోనే ఇది ఆగిపోతే బాగుండేది. బరువు తగ్గనివాడికి పట్టుదల లేదు. డిప్రెషన్‌లో ఉన్నవాడు పాజిటివ్‌గా ఆలోచించడు. నిద్రపట్టనివాడు మనసు ప్రశాంతంగా ఉంచుకోడు. ఫోన్ వదలని పిల్లాడికి క్రమశిక్షణ లేదు. ఆ ఫోన్‌లోని యాప్‌ను వదలబుద్ధి కాకుండా తయారు చేయడానికి జీతాలు తీసుకుంటున్నవాళ్ల ఊసే ఉండదు. తప్పంతా మనిషి లోపలే ఉందని ఒప్పించగలిగితే బయట ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. మనకు మోటివేషన్ ఉపన్యాసాలు ఇంతగా ఎందుకు అమ్ముడుపోతున్నాయో నాకు ఇక్కడే అర్థమవుతుంది.

'అయినా హిప్నాసిస్ ఒకసారి చూస్తే పోయేదేముంది' అంటారు. కాలం పోతుంది. బ్రిటిష్ పరిశోధకులు రిచర్డ్ డాల్, రిచర్డ్ పీటోల బృందం 34 వేలకు పైగా బ్రిటిష్ మగ డాక్టర్లను 1951 నుంచి యాభై ఏళ్ల పాటు గమనించి, 2004లో లెక్క చెప్పింది. సిగరెట్ మానకుండా కొనసాగించినవాళ్లు ఎన్నడూ తాగనివాళ్ల కంటే సగటున పదేళ్లు ముందే పోయారు. ముప్పై ఏళ్ల వయసులో మానితే ఆ పదేళ్లూ దాదాపుగా తిరిగి దక్కుతాయి. నలభైలో మానితే తొమ్మిది, యాభైలో ఆరు, అరవైలో మూడు. నలభైకీ యాభైకీ మధ్య మూడేళ్లు కరిగిపోతున్నాయంటే, ఒక్కో ఏడాది వాయిదాకు మూడున్నర నెలల పైచిలుకు ఆయుష్షు చెల్లిస్తున్నట్టు (భాగహారం నాదే). అరవై దాటాక మానేసి ఏం లాభం అనేవాళ్లు ఆ చివరి అంకె ఇంకోసారి చూడాలి.

శరీరం మాత్రం మన కోరిక ఎంత బలంగా ఉందో అడగదు. చివరి సిగరెట్ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుంది. ఏడాదికి గుండె జబ్బు అదనపు ముప్పు సగమవుతుంది. పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, తాగుతూనే ఉన్నవాళ్లతో పోలిస్తే, సగానికి వస్తుంది. అయితే మొదటి వారాలు అంత సుఖంగా ఉండవు. కొందరికి దగ్గు పెరుగుతుంది. పొగకు చచ్చుబడిన శ్వాసనాళాల్లోని సన్నని నూగు మళ్లీ కదలడం మొదలుపెట్టి కఫాన్ని పైకి తోస్తుంటుంది. ఇది తెలియక 'మానేశాకే జబ్బు వచ్చింది' అని మళ్లీ వెలిగించినవాళ్లు నాకు తెలుసు.

ఇంకొకటి కాఫీ. పొగలోని కొన్ని రసాయనాల వల్ల కాలేయం కెఫీన్‌ను తొందరగా కరిగించేస్తుంది. సిగరెట్ మానగానే ఆ వేగం తగ్గిపోతుంది. ఎప్పుడూ తాగే మూడు కప్పులే తాగినా ఒంట్లో కెఫీన్ ఎక్కువవుతుంది. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టదు. అదంతా సిగరెట్ లేకే అనుకుని పెట్టె కోసం వెతుకుతారు. మానిన రోజు నుంచీ కాఫీ సగానికి తగ్గించు అని చెప్పేవాళ్లుంటే చాలు, మావాడికి ఆ పన్నెండో రోజు కాస్త తేలిగ్గా గడిచేదేమో.

అతను ఇప్పుడు భుజం మీద ప్యాచ్ అంటించుకుని, జేబులో గమ్ పెట్టుకుని తిరుగుతున్నాడు. రెండూ కలిపి వాడమని డాక్టరే చెప్పారు. ఇది మూడో నెల. మొన్న నా ఎదురుగానే ఫోన్‌లో ఎవరితోనో గట్టిగా వాదిస్తున్నాడు. చెయ్యి తనంతట తానే చొక్కా జేబులోకి వెళ్లింది. గమ్ తీసి, అరచేతిలో ఒక క్షణం చూసుకుని నోట్లో వేసుకున్నాడు. వాదన ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మళ్లీ అందుకున్నాడు.